వచ్చే ఏడాది దాకా మా వాడు ఎక్కడ ఆడుకోవాలి?

ప్రశ్న: నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక పట్టణంలో క్రీడా సంఘం కార్యదర్శిని. మా పట్టణ జనాభా లక్షకు అటూ ఇటూగా ఉంటుంది. పోయిన సంవత్సరం డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు, మా మున్సిపల్ స్టేడియంలో అవగాహన కార్యక్రమం జరిపాము. ర్యాలీ తీశాము, బడి పిల్లల కళ్ళకు గంతలు కట్టి నడిపించాము, వికలాంగులకు కుర్చీలాట, మూడు చక్రాల బండ్ల పందెం పెట్టాము, గెలిచినవారికి శాలువాలు కప్పాము. వచ్చిన వికలాంగులు నలభై మందికి మించలేదు. ముఖ్య అతిథి ఆలస్యం కావడంతో వారు మధ్యాహ్నం ఒంటిగంట దాకా షామియానా కిందే కూర్చున్నారు. అంతా ముగిశాక, వయసుకు తగినట్టు బుద్ధి ఎదగలేదని డాక్టర్లు చెప్పిన పన్నెండేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. "బాగా చేశారు సారూ. మరి వచ్చే ఏడాది దాకా మా వాడు ఎక్కడ ఆడుకోవాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఈసారి ఎలా చేయమంటారో చెప్పండి.

సమాధానం: కార్యదర్శి గారికి నమస్కారం. ఆ తల్లి మాటను మరచిపోకుండా, ఏడాది తరువాత కూడా దానికి జవాబు వెతుకుతున్నారు గనుక మీకు నేను చెప్పవలసింది సగమే మిగిలింది. ఆమె అడిగిన ప్రశ్ననే ఈ సంవత్సరం కార్యక్రమానికి ప్రాతిపదికగా పెట్టుకోండి. డిసెంబరు 3న ఏమేమి చేయాలన్నది తరువాత ఆలోచించవచ్చు. డిసెంబరు 4 నుంచి మీ స్టేడియంలో ఎవరు ఆడతారు, ఎవరు ఆడలేకపోతారు అన్నది ముందు తేల్చుకోవాలి.

ఒక్క లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల సంఖ్య 22 లక్షల 66 వేల పైచిలుకు, అంటే ప్రతి వెయ్యిమందిలో ఇరవై ఆరుగురి కంటే ఎక్కువ. ఆ లెక్క మీ పట్టణానికి వర్తింపజేస్తే రెండున్నర వేల మందికి పైగా తేలతారు. అందులోనూ అది పాత చట్టం నాటి లెక్క. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆటిజం, కండరాల క్షీణత, తలసీమియా వంటివాటిని కూడా చేర్చి ఇరవై ఒక్క రకాలను గుర్తించింది. రెండున్నర వేల మంది ఉన్న ఊరిలో నలభై మందే వచ్చారంటే మిగిలినవారికి ఆసక్తి లేదని అనుకోకండి. ఆటో ఖర్చు, గేటు, మెట్లు, మరుగుదొడ్డి, వెంట వచ్చేవారి ఒకరోజు కూలి, ఇవన్నీ దాటుకొని రాగలిగినవారు ఆ నలభై మంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా అక్కకు రెండేళ్ళ వయసులో పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది, ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పింది. చాలాకాలం కిందట ఒక స్టేడియంలో జరిగిన ఇటువంటి సభకే ఆమెను వక్తగా పిలిచారు. వేదికకు ఏడు మెట్లున్నాయి. నిర్వాహకులు ఆమెను ఒక్క మాటైనా అడగకుండా నలుగురు కుర్రవాళ్ళను పిలిచారు. వాళ్ళు కుర్చీని నాలుగు వైపులా పట్టుకొని గాలిలోకి ఎత్తారు. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. అక్క ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, మరో చేత్తో ఒక కుర్రవాడి భుజం పట్టుకుంది. గ్యాలరీలో ఉన్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. పైకి చేరాక చూస్తే మైకు స్టాండు నిలబడి మాట్లాడేవారి ఎత్తులో ఉంది. దాన్ని దించడం ఎవరికీ తోచలేదు. ఆమె మాట్లాడింది గాని ముందు వరుస దాటి వినపడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో, "నన్ను మోసినందుకు చప్పట్లు కొట్టారు, నేను చెప్పింది మాత్రం ఎవరూ వినలేదు" అని ఒకే ఒక్క మాట అన్నది. ఆ రోజు ఆమె పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదని, అక్కడి మరుగుదొడ్డికి కుర్చీ వెళ్ళదని ముందే తెలుసుకొని గొంతు ఎండబెట్టుకొని వచ్చిందని నాకు ఇంటికి చేరాకే తెలిసింది.

అందుకే నా మొదటి సలహా వేదిక గురించి. వేదిక వేయవద్దు. చక్రాల కుర్చీ క్షేమంగా ఎక్కాలంటే ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలని లెక్క. నాలుగు అడుగుల వేదికకు నలభై ఎనిమిది అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి చదును, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు కావాలి. ఒకరోజు సభకు అది మీవల్ల కాదు. చెక్క పలకలు నిటారుగా ఆనించి అదే ర్యాంపు అనుకోవడం అసలు ర్యాంపు లేకపోవడం కంటే ప్రమాదం. సభ మైదానంలోనే, నేల మీదే పెట్టండి. అతిథులను కూడా అందరితో సమానమైన ఎత్తులో కూర్చోబెట్టండి. మైకును చేతితో పట్టుకొనేది తెప్పించండి.

తరువాత ఒక ఆదివారం ఉదయం టేపు పట్టుకొని, చక్రాల కుర్చీలో తిరిగేవారు ఒకరిని, చూపులేనివారు ఒకరిని వెంటబెట్టుకొని స్టేడియం అంతా తిరగండి. మోటారు సైకిళ్ళు లోపలికి రాకుండా గేటు దగ్గర నాటిన ఇనుప కడ్డీలు కుర్చీని కూడా ఆపేస్తాయి. మన మునిసిపాలిటీల మైదానాల్లో ఎక్కువచోట్ల మొదటి అడ్డంకి ఇదే. దారి మూడడుగుల వెడల్పు ఉండాలి. గ్యాలరీకి మూడు మెట్లుంటే, మెట్టుకు అర అడుగు చొప్పున, పద్దెనిమిది అడుగుల ర్యాంపు పడుతుంది. ఇది సిమెంటుతో శాశ్వతంగా కట్టించగలిగిన పనే. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకొనేలా మార్పించడం, లోపల పక్కన కడ్డీ బిగించడం, పాశ్చాత్య పద్ధతి కమోడ్ ఒకటి పెట్టించడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. శాలువాలకు, మెమెంటోలకు, షామియానాకు, ఫ్లెక్సీలకు పోయిన ఏడాది ఎంత అయిందో ఒక్కసారి చిట్టా తీసి చూడండి. ఆ డబ్బు ఈ ఏడాది ఆ తలుపుకూ ఆ ర్యాంపుకూ వెళితే మీ కార్యక్రమం డిసెంబరు 4న కూడా కనబడుతూనే ఉంటుంది.

ఇక ఆ రోజు జనం ఏమి చూడాలి? కుర్చీలాట మాత్రం వద్దు. చంకకర్రలతో నడిచే పెద్దవారిచేత కుర్చీలాట ఆడించి, తడబడితే నవ్వి, గెలిస్తే శాలువా కప్పడం వారిని పసిపిల్లలను చేయడమే. మీది క్రీడా సంఘం కాబట్టి అసలైన ఆట పెట్టండి, దానికి నిజమైన నియమాలు, అంపైర్లు, స్కోరు బోర్డు ఉండాలి. నా మాట వింటే ఆ రోజుకు అంధుల క్రికెట్ మ్యాచ్‌ను కేంద్రంగా పెట్టండి. క్రికెట్ తెలియని మనిషి మీ ఊళ్ళో ఉండడు కాబట్టి, తెలిసిన ఆట ఎక్కడెక్కడ మారిందో ప్రేక్షకుడు తనంతట తానే గమనిస్తాడు.

ఈ ఆట 1922లో మెల్బోర్న్‌లో పుట్టింది. కర్మాగారంలో పనిచేసే ఇద్దరు అంధులు తగరపు డబ్బాలో రాళ్ళు వేసి, ఆ చప్పుడును బట్టి ఆడారు. ఇప్పుడు గట్టి ప్లాస్టిక్ బంతిలో చిన్న చిన్న ఇనుప గుండ్లు ఉంటాయి, బంతి దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలరు చేయి కిందినుంచి, బంతి పిచ్ సగం దాటకముందే నేలను తాకేలా వేయాలి. వేసేముందు "రెడీ?" అని అడగాలి, బ్యాటరు "యెస్" అనేదాకా ఆగాలి, బంతి వదులుతూ "ప్లే" అనాలి. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపులేనివారు ఉండాలి. వారు చేసిన పరుగులు రెండింతలుగా లెక్కిస్తారు. ఒక్కసారి నేలను తాకి లేచిన బంతిని వారు పట్టుకున్నా క్యాచే. ఈ నియమాలన్నీ మ్యాచ్‌కు ముందు మైకులో చెప్పించండి, ఆటగాళ్ళలో ఒకరిచేతే చెప్పించండి.

నేను ఇటువంటి మ్యాచ్ ఒకటి కళాశాల మైదానంలో చూశాను. మొదటి ఓవరులో విద్యార్థులు అలవాటు ప్రకారం ఈలలు వేశారు, డప్పు కొట్టారు. బ్యాటరు చేయెత్తి ఆట ఆపేశాడు. బంతి వినపడటం లేదని అంపైరు వచ్చి చెప్పాడు. రెండో ఓవరుకు గ్యాలరీ సద్దుమణిగింది. మూడో ఓవరులో వెయ్యిమంది కూర్చున్న చోట బంతి గడ్డి మీద గలగలా దొర్లుతున్న చప్పుడు నాకు బౌండరీ అవతలికి వినపడింది. బ్యాటరు మోకాలి మీద కూర్చుని స్వీప్ కొట్టాడు. బంతి ఆగేదాకా ఎవరూ నోరు మెదపలేదు. ఆగాక ఒక్కసారిగా కేకలు పెట్టారు. అంధులకు చెవే ఆధారమని ఆ పిల్లలకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఎప్పుడు చప్పుడు చేయాలో, ఎప్పుడు మానాలో వాళ్ళే నేర్చుకున్నారు. మీరు కోరుతున్న అవగాహన అదే అని నా నమ్మకం. ఎదుటివారికి వీలుగా మన ప్రవర్తనను మనం మార్చుకోవలసిన పరిస్థితి అక్కడ ఏర్పడాలి, అది వాదన లేకుండా జరిగిపోవాలి.

ఆటగాళ్ళ కొరత కూడా లేదు. ఉమ్మడి గుంటూరు జిల్లాకు చెందిన అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించి అర్జున పురస్కారం అందుకున్నాడు. 2025 నవంబరులో కొలంబోలో జరిగిన అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో మన అమ్మాయిలు నేపాల్‌ను ఓడించారు. ఆంధ్రలోను, తెలంగాణలోను అంధుల జట్లు ఆడుతున్నాయి. వారిని పిలిచినప్పుడు మరే జట్టును పిలిచినా ఇచ్చే ప్రయాణ ఖర్చులు, బస, భోజనం, మ్యాచ్ ఫీజు ఇవ్వండి. "సేవా కార్యక్రమం కదా" అని ఊరికే రమ్మనడం వారి ఆటను మీరే తక్కువ చేసినట్టవుతుంది.

కళ్ళకు గంతలు కట్టి నడిపించే అంశం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అది మంచి ఉద్దేశంతోనే ప్రతిచోటా చేస్తున్నారు. పది నిమిషాలు గంతలు కట్టుకున్న పిల్లవాడికి తెలిసేది హఠాత్తుగా చూపు పోతే కలిగే భయం మాత్రమే. ఏళ్ళ తరబడి చేతికర్రతో, చప్పుళ్ళతో, పాదాల స్పర్శతో దారి పట్టుకొని తిరిగే మనిషి నేర్పు ఆ పది నిమిషాల్లో తెలియదు. వాడు గంతలు విప్పి "అమ్మో, పాపం" అంటాడు, ఇంటికి తీసుకువెళ్ళేదీ ఆ పాపమే. దానికి బదులు, మ్యాచ్ అయ్యాక అంధ ఆటగాళ్ళనే శిక్షకులుగా నిలబెట్టి, బడి పిల్లలకు ఆ గలగలలాడే బంతితో బౌలింగ్ నేర్పించమని అడగండి. పిల్లలకు మొదట రాదు. చూపులేని అన్న చేయి పట్టుకొని మణికట్టు ఎలా తిప్పాలో నేర్పుతాడు. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళి "మాకు ఒక అన్న బౌలింగ్ నేర్పాడు" అని చెబుతాడు.

వినికిడి లేనివారి విషయం మన క్రీడా సభల్లో తరచూ మరుగున పడుతుంది, వారు చూడటానికి అందరిలాగే ఉంటారు గనుక. పరుగు పందెం విజిల్‌తో మొదలుపెడితే వారు ఒక అడుగు వెనుకే ఉంటారు, కాబట్టి జెండా ఊపి మొదలుపెట్టండి. ప్రకటనలన్నీ పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించండి, సంజ్ఞా భాష తెలిసినవారిని సభ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు ఉండమని ముందే మాట్లాడుకోండి. హైదరాబాదు కుర్రవాడు ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్ అయిన డెఫ్లింపిక్స్ షూటింగ్‌లో బంగారు పతకాలు గెలిచాడని మీ పట్టణంలోని బధిర విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇప్పుడు ఆ పన్నెండేళ్ళ అబ్బాయి దగ్గరికి వద్దాం. మీ ఉమ్మడి జిల్లాలోని కల్లెడ గ్రామపు దీప్తి జివాంజి కథ మీకు తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు ఊళ్ళో హేళన మాటలు పడిన ఆ అమ్మాయి 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కంచు పతకం తెచ్చింది. ఆమె బొమ్మతో ఫ్లెక్సీ కట్టాలని మీ సంఘంలో ఎవరైనా తప్పక అంటారు. కట్టండి, ఆమె మీ జిల్లా బిడ్డ. అయితే ఆ తల్లి తన కొడుకుకు పతకం అడగలేదు. ఆడుకోవడానికి చోటు అడిగింది. దీప్తి కథలో నేను పట్టుకొనే విషయం కూడా పతకానికి ముందుదే. ఆమె బడి పిల్లలందరితో కలిసి మామూలు పోటీల్లో పరుగెత్తింది, ఆ పరుగును ఒక శిక్షకుడి కన్ను పట్టుకుంది. మైదానంలోకి రానివ్వకపోతే ఏ శిక్షకుడి కంటా పడేది కాదు. ఆ అబ్బాయి ఎప్పటికీ పందెం గెలవకపోయినా సరే, సాయంత్రం పూట చెమట పట్టేలా పరుగెత్తడానికి మిగతా పిల్లలకు ఉన్నంత హక్కు వాడికీ ఉంది.

దీనికి ఒక పద్ధతి ఉంది. 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ ఉద్యమం యూనిఫైడ్ స్పోర్ట్స్ అనే విధానాన్ని నడుపుతోంది. అందులో మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు ఒకే జట్టులో కలిసి ఆడతారు. మీ స్టేడియంలో ప్రతి ఆదివారం ఉదయం ఒక గంట దీనికి కేటాయించండి. ఫుట్‌బాల్ చాలు. జట్టుకు ఐదుగురు, చిన్న మైదానం, పది నిమిషాల ఆటలు. మీ క్లబ్బులో ఆడే కుర్రవాళ్ళను వంతులవారీగా రమ్మనండి. వాళ్ళను సాయం చేసేవాళ్ళుగా కాకుండా తోటి ఆటగాళ్ళుగా దింపండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో పనిచేసే ఐఈఆర్పీ టీచర్లకు, అంటే ఆ పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక టీచర్లకు, ఇటువంటి పిల్లలున్న ఇళ్ళన్నీ తెలుసు. వారితో మాట్లాడితే మీ నలభై మంది జాబితా ఒక్క వారంలో పెరుగుతుంది. ఆ గంటలో లౌడ్ స్పీకరు, డీజే ఉండకూడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి పెద్ద చప్పుడు దెబ్బ తగిలినంత బాధ కలిగిస్తుంది. డిసెంబరు 3 నాటి కార్యక్రమంలో టపాసులు మానడమే కాక, గ్యాలరీ వెనుక నిశ్శబ్దంగా, నీడగా ఒక గది ఏర్పాటు చేసి, అలసిన పిల్లలను తల్లిదండ్రులు అక్కడికి తీసుకువెళ్ళవచ్చని ముందే ప్రకటించండి. నీడ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా: వెన్నెముక దెబ్బతిన్న వారిలో చాలామందికి శరీరం వేడిని సరిగా అదుపు చేసుకోలేదు. పోయిన ఏడాదిలా అతిథి కోసం వారిని గంటల తరబడి ఎండవేళ కూర్చోబెట్టడం అమర్యాదతో పాటు అపాయం కూడా. సభ ఎనిమిదిన్నరకని వేస్తే ఎనిమిదిన్నరకే మొదలుపెట్టండి, అతిథి వచ్చినప్పుడే వస్తారు.

స్టేడియం మీ సంఘానిది కాదు, మునిసిపాలిటీది. గంట సమయానికైనా, ర్యాంపుకైనా అనుమతి కావాలి. అడిగేటప్పుడు దయ చూపమని రాయకండి. 2016 చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం వికలాంగులు క్రీడల్లో పాల్గొనేలా చర్యలు తీసుకోవడం, అందుకు తగినట్టు క్రీడా వసతులను తీర్చిదిద్దడం ప్రభుత్వాల బాధ్యత. అవగాహన కార్యక్రమాల బాధ్యతను 39వ సెక్షన్ చెబుతోంది. ప్రజలు వాడే కట్టడాలు అందరికీ అందుబాటులో ఉండేలా చూడటం ఇష్టముంటే పాటించే సలహాగా మిగలరాదని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మూడింటినీ ఉటంకిస్తూ, మీరు టేపుతో కొలిచిన కొలతలు, తీసిన ఫోటోలు జతచేసి, మున్సిపల్ కమిషనరుకు, జిల్లా క్రీడాధికారికి, కలెక్టరు కార్యాలయంలో వికలాంగుల సంక్షేమం చూసే అధికారికి ఒకే వినతిపత్రం ఇవ్వండి. కార్యక్రమానికి రెండు నెలల ముందే ఇవ్వండి, అప్పుడే డిసెంబరు 3న అతిథిగా వచ్చే అధికారిచేత ఆ ర్యాంపు ప్రారంభం చేయించడానికి వీలుంటుంది.

పిలిచే పేరు గురించి కూడా మీ సంఘంలో చర్చ వస్తుంది. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా అని. ప్రభుత్వాలు ఒక్కొక్కచోట ఒక్కొక్కటి వాడుతున్నాయి, ఆ వ్యక్తులలోనూ ఏకాభిప్రాయం లేదు. మా అక్కకు "దివ్య" అన్న మాట నచ్చదు, మా వీధిలోనే ఉన్న ఆమె స్నేహితురాలికి అదే ఇష్టం. మీ కమిటీలో ఉన్న వికలాంగులను అడిగి వారు ఏది కోరితే అది కరపత్రంలో వేయండి. అన్నట్టు, కమిటీలో సగం మంది వారే ఉండాలి, ఖర్చులు నిర్ణయించే సగం. చక్రాల కుర్చీల పంపిణీ ఎవరైనా దాత తలపెడితే, ముందుగా ఫిజియోథెరపిస్టుచేత ప్రతి ఒక్కరి కొలతలు తీయించకుండా ఒప్పుకోకండి. సరిపడని కుర్చీలో రోజంతా కూర్చుంటే ఒరుసుకొని పుండ్లు పడతాయి, కొందరికి అవి ఆసుపత్రి దాకా తీసుకువెళతాయి. పంపిణీ సభలో కాక విడిగా జరగనివ్వండి, పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పత్రికలకు ఇవ్వకండి.

కరపత్రం అచ్చుకు ఇవ్వకముందే ఆ తల్లిని వెతికించండి, భవిత కేంద్రం టీచరుకు ఆమె ఇల్లు తెలిసే ఉంటుంది. పోయిన ఏడాది ఆమె అడిగిన మాటకే ఈ ఆదివారం గంట మొదలుపెడుతున్నామని చెప్పి, కమిటీలోకి రమ్మని అడగండి. ఆమెకు కూలి పోకుండా ఏ వేళ వీలవుతుందో తెలుసుకొని మీ సమావేశాన్ని ఆ వేళకు మార్చుకోండి. ఆ అబ్బాయికి ఏ ఆట ఇష్టమో కూడా, వీలైతే, వాడినే అడగండి. నేను ఫుట్‌బాల్ అన్నాను గాని, వాడు ఇంకేదైనా అంటే దానితోనే మొదలుపెట్టండి.